చిన్నపిల్లలకు ఫ్లై ఫిషింగ్ నేర్పించడం ఎలా?

అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబాల్లో, ఐదు నుంచి తొమ్మిదేళ్ల మధ్య వయసు పిల్లలున్న తల్లిదండ్రుల కోసం ఈ పద్ధతిని వివరిస్తున్నాను. మామూలు గాలంలో ఎర బరువు గానీ, దానికి పైన కట్టిన సీసపు గుండు బరువు గానీ దారాన్ని లాక్కొని పోతుంది. ఫ్లై ఫిషింగ్‌లో సంగతి తలకిందులు. ఈకలతో, ఉన్నితో, దారంతో పురుగును పోలేటట్టు కట్టిన ‘ఫ్లై’కి చెప్పుకోదగిన బరువే ఉండదు కాబట్టి, లావుగా, బరువుగా తయారుచేసిన లైనే గాలిలో సాగి ఆ ఫ్లైని మోసుకుపోతుంది. పెద్దవాళ్లకే చెయ్యి తిరగడానికి కొంతకాలం పట్టే ఈ విద్యను పసివాళ్లకు నేర్పవచ్చునా అన్న సందేహం సహజమైనదే. తప్పకుండా నేర్పవచ్చు, అయితే పెద్దలకు నేర్పే వరుసలో కాదు. మొదటి ఏడాది ట్రౌట్ చేపలనూ, పారే నదులనూ, దూరం విసరాలన్న ఆశనూ పక్కన పెట్టి, పార్కు చెరువునూ, బ్లూగిల్ చేపనూ, పదిహేను అడుగుల లైనునూ నమ్ముకోవాలి. అన్నిటికన్నా ముఖ్యంగా, ఆ ఏడాదంతా మీ సొంత రాడ్‌ను ఇంట్లోనే వదిలిపెట్టాలి. పక్కన తండ్రి తన చేప కోసం తాను చూస్తూ నిలబడితే, చిక్కుపడిన లైనుతో బిడ్డ ఎదురుచూస్తూ కూర్చోవలసి వస్తుంది, అలా ఎదురుచూసిన పిల్లలు రెండోసారి రామంటారు.

ముందుగా చెరువును ఎంచుకోండి

బ్లూగిల్ అనేది సన్‌ఫిష్ కుటుంబానికి చెందిన, అరచేతిలో పట్టేటంత చేప. అమెరికాలో చాలా రాష్ట్రాల్లోని పార్కు చెరువుల్లో ఇది సమృద్ధిగా దొరుకుతుంది. ట్రౌట్‌లాగా చీటికీమాటికీ బెదరదు, గట్టుకు దగ్గరగా తిరుగుతుంది, నీటిపైన ఏది కదిలినా వచ్చి పరీక్షిస్తుంది. వసంతం ముగిసే రోజుల్లో నీరు 70 డిగ్రీల ఫారన్‌హీట్‌కు అటూఇటూగా వేడెక్కగానే మగచేపలు లోతు తక్కువగా ఉన్నచోట తోకతో మట్టిని ఊడ్చి గుండ్రని గూళ్లు చేసుకొని, గుడ్లకు కాపలా కాస్తాయి. నీటి మీది మెరుపును తగ్గించే పోలరైజ్డ్ కళ్లద్దాలు పెట్టుకొని గట్టు మీద నుంచి చూస్తే ఆ గూళ్లు పళ్లేలు పరిచినట్టు వరుసగా కనిపిస్తాయి. మొదటి ప్రయాణానికి మే, జూన్ నెలలు అనువైనవి అనడానికి కారణం ఇదే. అయితే గుడ్ల మీద ఉన్న మగచేపను పట్టితే వెంటనే అక్కడే వదిలిపెట్టాలి, ఒకే గూటి దగ్గర పదేపదే విసరకూడదు. కాపలా లేని గూటిలోని గుడ్లను తక్కిన చేపలు తినేస్తాయి.

చెరువును ఎంచుకునేటప్పుడు చేపల సంఖ్య కంటే గట్టు తీరును చూడండి. వెనకవైపు చెట్లు లేని, గడ్డి కోసిన, నీటిలోకి మెల్లగా వాలే ఒడ్డు కావాలి. దగ్గరలో మరుగుదొడ్డి, నీడ ఉండాలి, పిల్లలు ఆడుకునే స్థలం ఉంటే మరీ మంచిది. డాలస్ పరిసరాల్లోని ఫ్రిస్కో, అర్వింగ్, ప్లేనో వంటి ఊళ్లలోనూ, న్యూజెర్సీలోని ఎడిసన్ చుట్టుపక్కలా ఇటువంటి చెరువులు ఇంటికి కూతవేటు దూరంలోనే ఉంటాయి. పేరున్న నది కోసం మూడు గంటలు కారులో కూర్చోబెట్టిన బిడ్డకు, అక్కడికి చేరేసరికే ఓపిక అయిపోతుంది.

లైసెన్సు విషయాన్ని బయలుదేరే ముందే చూసుకోండి. టెక్సస్‌లో 17 ఏళ్లలోపు, న్యూజెర్సీ, పెన్సిల్వేనియా, కాలిఫోర్నియాలలో 16 ఏళ్లలోపు పిల్లలకు లైసెన్సు అక్కరలేదు. వాషింగ్టన్ రాష్ట్రంలో ఆ మినహాయింపు 15 ఏళ్లలోపు వారికే వర్తిస్తుంది. బిడ్డ చేతిలోని రాడ్‌ను పట్టుకొని మీరు ఒక్కసారి విసిరినా అది మీరు చేపలు పట్టడం కిందకే రావచ్చు కాబట్టి, మీకోసం ఒక లైసెన్సు తీసుకోవడం మేలు. ఆరు నెలలకు వచ్చిన తాతయ్య కూడా సరదాపడతారనుకుంటే, ఆ రాష్ట్ర నివాసి కానివారికి ఇచ్చే లైసెన్సును రోజుల లెక్కన తీసుకోవచ్చునేమో ఆ రాష్ట్ర వన్యప్రాణి శాఖ వెబ్‌సైట్‌లో చూడండి. టెక్సస్‌లో ఏటా జూన్ మొదటి శనివారం ఎవరికీ లైసెన్సు అవసరం ఉండదు. ఇటువంటి ఉచిత దినాలు తక్కిన రాష్ట్రాల్లో కూడా ఉన్నాయి.

సామగ్రి: వయసును బట్టి రెండు దారులు

ఐదు నుంచి ఏడేళ్ల పిల్లలకు రీల్ లేని రాడ్‌తో మొదలుపెట్టమని నా గట్టి సలహా. జపాన్ కొండవాగుల్లో పుట్టిన ‘టెంకారా’ పద్ధతిలో రాడ్ కొసకే లైను కట్టి ఉంటుంది. రీల్ తిప్పే పని, ఎడమచేతితో లైనును లాగే పని, రెండూ ఉండవు. పది, పన్నెండు అడుగుల పొడవున్నా వంద గ్రాముల లోపే తూగే ఈ రాడ్, ముక్కలు ఒకదానిలో ఒకటి ఇమిడిపోయి సంచిలో పట్టేంత చిన్నదవుతుంది. కోనసీమ కాలువ గట్ల మీద వెదురు గడకు దారం కట్టి, బెండు వేసి చేపలు పట్టిన తాతయ్యలు దీన్ని చేతిలోకి తీసుకోగానే గుర్తుపడతారు. వారి చేతుల్లో అలవాటుగా ఉన్న ఆ విద్య ఈ సందర్భంలో చాలా పనికివస్తుంది కాబట్టి, వారిని వెంట తీసుకువెళ్లడం మరిచిపోకండి. రాడ్ పొడవుకు సమానమైన, పురి తిప్పి అల్లిన లైనునూ, దాని చివర మూడు, నాలుగు అడుగుల 5ఎక్స్ టిప్పెట్‌నూ కట్టండి. టిప్పెట్ అంటే ఫ్లైని కట్టే సన్నని దారం, ఎక్స్‌కు ముందున్న అంకె దాని మందాన్ని చెబుతుంది. అంతకంటే గట్టి టిప్పెట్ కడితే, పెద్ద బాస్ చేప పడినప్పుడు తెగవలసిన దారం తెగక, సన్నని రాడ్ విరిగే ప్రమాదం ఉంది.

ఎనిమిదేళ్లు దాటి, వినడానికి ఓపిక ఉన్న పిల్లలకు రీల్ ఉన్న రాడ్ ఇవ్వవచ్చు. ఫ్లై రాడ్‌లను అవి మోసే లైను బరువును బట్టి అంకెలతో పిలుస్తారు. పిల్లలకు నాలుగో, ఐదో నంబరు, ఏడున్నర నుంచి ఎనిమిది అడుగుల పొడవు సరిపోతుంది. దుకాణంలో ఎవరూ అడగకుండా చెప్పని కిటుకు ఒకటుంది: నాలుగో నంబరు రాడ్‌కు ఐదో నంబరు లైనును ఎక్కిస్తే, కొద్దిపాటి లైను బయట ఉన్నప్పుడే రాడ్ వంగి, ఆ వంపు చిన్న చేతికి తెలుస్తుంది. గ్రాఫైట్ కంటే ఫైబర్‌గ్లాస్ రాడ్ నెమ్మదిగా వంగుతుంది కాబట్టి, దొరికితే దాన్నే ఎంచుకోండి. రీల్ లైనును చుట్టిపెట్టే డబ్బా మాత్రమే, దాని మీద డబ్బు పోయవలసిన పని లేదు. ముందు భాగం బరువుగా ఉండి నీటి మీద తేలే రకం లైను, లైనుకూ టిప్పెట్‌కూ మధ్య కట్టే ఏడున్నర అడుగుల లీడర్ దారం, 4ఎక్స్ టిప్పెట్ తీసుకోండి. ఎక్స్‌కు ముందున్న అంకెను పదకొండు నుంచి తీసివేస్తే ఆ దారం మందం అంగుళంలో వెయ్యో వంతుల్లో వస్తుంది, అంటే 4ఎక్స్ మందం వెయ్యిలో ఏడు వంతులు. పై తరగతుల పిల్లలు ఈ లెక్కను ఇష్టంగా చేస్తారు.

ఫ్లైల విషయంలో పొదుపు మంచిది. నీటిపైన తేలే ఫోమ్ సాలీడు, లాగితే నీటిపైన చప్పుడు చేసే చిన్న పాపర్, నీటిలోపల ఈదించడానికి నల్లని ఊలీ బగ్గర్, నీటిలో పెరిగే పురుగు పిల్లను పోలిన హేర్స్ ఇయర్ నింఫ్, వీటిలో ఒక్కొక్కటి మూడేసి ఉంటే ఏడాది గడిచిపోతుంది. గాలపు నంబరు పెరిగేకొద్దీ గాలం చిన్నదవుతుంది. బ్లూగిల్ నోరు చాలా చిన్నది కాబట్టి 10, 12 నంబర్లు తగినవి. ప్రతి గాలానికీ మొన వెనక వ్యతిరేక దిశలో పొడుచుకొచ్చి ఉండే చిన్న ముల్లును, పెట్టెలో పెట్టేముందే పటకారుతో అణచివేయండి. ఇది చేపకు ఎంత మేలో, పిల్లల వేళ్లకూ అంతే మేలు. ముల్లు లేని గాలం గుచ్చుకుంటే వచ్చిన దారినే వెనక్కి వస్తుంది.

పచ్చిక మీద తొలి పాఠాలు

నీటి దగ్గరికి వెళ్లకముందు ఇంటి వెనక పచ్చిక మీద కొన్ని సాయంత్రాలు గడపండి. సిమెంటు మీద, తారు మీద సాధన చేస్తే లైను పైపూత గీసుకుపోతుంది. లీడర్ చివర గాలానికి బదులు ముదురు రంగు ఉన్ని ముడి కట్టి, పదిహేను అడుగుల దూరంలో హులాహూప్ పడుకోబెట్టి, ఆ ఉన్నిని దానిలో వేయమనండి. ఒక్కో పాఠం పదినిమిషాలకు మించకూడదు.

విసరడంలో బిడ్డకు చెప్పవలసినవి రెండే. రాడ్‌ను వేగం పెంచుతూ కదిపి టక్కున ఆపడం మొదటిది. గరిటెకు అంటుకున్న దోసెల పిండిని గిన్నెలోకి విదిలించేటప్పుడు చెయ్యి ఎలా ఆగుతుందో, అలా ఆగాలి. ఆగకపోతే రాడ్‌లో నిండిన బలం లైనులోకి దూకదు. వెనక్కి విసిరిన లైను పూర్తిగా చాచుకునేదాకా ఆగడం రెండోది. పిల్లలకు కష్టమైనది ఇదే. కంటికి కనిపించని దానికోసం ఆగమంటే వారు ఆగలేరు కాబట్టి, తల తిప్పి వెనక్కి చూడమనండి. లైను విచ్చుకుంటూ పోయి తిన్నగా అయ్యేది కళ్లారా చూశాక, ఎంతసేపు ఆగాలో వారికే తెలిసిపోతుంది. మణికట్టు వెనక్కి వాలిపోయి రాడ్ నేలను తాకుతుంటే, రాడ్ అడుగుభాగాన్ని చొక్కా చేతి అంచులోకి దోపండి, లేదా రెండు చేతులతో పట్టుకొని విసరనివ్వండి. చిన్నవారికి రెండు చేతులతో విసరడంలో తప్పేమీ లేదు.

ఇక్కడ మీ నాలుకను అదుపులో పెట్టుకోవాలి. విసిరిన ప్రతిసారీ ఒక సవరణ చెబితే బిడ్డ మీ ముఖాన్ని చూస్తుంది గానీ లైనును చూడదు. ఒక సాయంత్రానికి ఒక్క మాటే చెప్పండి, తక్కినవి రేపటికి ఆగుతాయి. బలం చాలదని మీరు ఆడపిల్లకు నేర్పడానికి సందేహిస్తుంటే, 1926లో న్యూజెర్సీలోని పాటర్సన్‌లో పుట్టిన జోన్ వుల్ఫ్‌ను తలుచుకోండి. పదేళ్ల వయసులో రాడ్ పట్టిన ఆమె పెద్దయ్యాక మగవారితో పోటీపడి దూరం విసిరే పందేన్ని గెలిచింది, 1960లో 161 అడుగులు విసిరింది. విసరడం కండబలం కంటే సరైన క్షణంలో ఆగడం మీద ఆధారపడిన పని అని చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు తెలియదు.

ఫ్లైకి ముందు పురుగు

ఈ మెట్టును చాలామంది దాటవేస్తారు, నాకు మాత్రం అన్నిటిలోకీ ఇదే విలువైనదిగా తోస్తుంది. రాడ్ లేకుండా ఒకరోజు చెరువుకు వెళ్లండి. ఒక తెల్లని పళ్లెం, చిన్న వల, భూతద్దం చాలు. ఒడ్డున నాచులో వల తిప్పి, దొరికినదాన్ని నీళ్లున్న పళ్లెంలో విదిలిస్తే, బురద అడుగుకు దిగి, ప్రాణమున్నవన్నీ కదలడం మొదలుపెడతాయి. తూనీగ పిల్ల తోకవైపు నుంచి నీటిని చిమ్ముకుంటూ ముందుకు దూసుకుపోతుంది. సన్నతూనీగ పిల్లకు వెనక ఆకుల్లాంటి మూడు మొప్పలు ఉంటాయి. దగ్గరలో రాళ్లున్న వాగు ఉంటే, మోకాలి లోతు దాటని చోట ఒక రాయిని తిరగేసి చూపండి. సాధారణంగా మూడు తోకలుంటే అది మేఫ్లై పిల్ల, రెండే తోకలూ కాలికి రెండేసి గోళ్లూ ఉంటే స్టోన్‌ఫ్లై పిల్ల. ఇసుకరేణువులను, పుల్లలను నోటి నుంచి వచ్చే పట్టుదారంతో అతికించుకొని, ఆ గొట్టంలో కాపురం ఉండేది క్యాడిస్‌ఫ్లై పిల్ల. స్టోన్‌ఫ్లైలు కలుషితమైన నీటిలో బతకలేవు కాబట్టి, అవి కనిపించిన వాగు శుభ్రంగా ఉన్నదని బిడ్డకు చెప్పవచ్చు.

చూశాక రాయిని ఉన్నచోటే, ఉన్నట్టే పెట్టించండి. ఆ తరువాత ఫ్లైల పెట్టె తెరిచి, ‘ఇందాక చూసిన పురుగు వీటిలో ఏది?’ అని అడగండి. బిడ్డ తనంతట తాను ఎంచుకున్న ఫ్లై మీ ఎంపిక కంటే నాసిగా ఉన్నా దాన్నే కట్టండి. చేప పడితే అది తన ఆలోచన ఫలించడం, పడకపోతే మరోటి ప్రయత్నించడానికి అది కారణం.

చెరువు దగ్గర మొదటి రోజు

సూర్యోదయానికి లేపవలసిన పనిలేదు. బ్లూగిల్ పొద్దెక్కాక కూడా మేస్తుంది, సాయంత్రం ఐదు దాటాక మరింత చురుకుగా ఉంటుంది. టోపీ, కళ్లద్దాలు తప్పనిసరి, ఎందుకంటే గాలిలో తిరిగే గాలం నుంచి కంటిని కాపాడేవి అవే. నీటి అంచున నిలబడే పిల్లలకు కోస్ట్‌గార్డ్ ఆమోదించిన లైఫ్ జాకెట్ వేయండి. 30 నుంచి 50 పౌండ్ల బరువున్నవారికి ఒక రకం, 50 నుంచి 90 పౌండ్ల వారికి మరో రకం ఉంటాయి కాబట్టి చీటీ చదివి కొనండి. ఈశాన్య రాష్ట్రాల్లో పొడవాటి గడ్డిలో నడిస్తే లైమ్ జ్వరాన్ని మోసే టిక్ పురుగులు అంటుకుంటాయి. ఇంటికి రాగానే మోకాళ్ల వెనక, చెవుల వెనక, తలలో వెతకాలి. గ్రాఫైట్ రాడ్ విద్యుత్తును ప్రవహింపజేస్తుంది. కరెంటు తీగల కింద దాన్ని ఎత్తనివ్వకండి, ఉరుము వినబడగానే కారులోకి వెళ్లి, చివరి ఉరుము తరువాత అరగంట దాకా బయటకు రాకండి. గాలం కంటిలో గానీ, కంటికి దగ్గరగా గానీ గుచ్చుకుంటే లాగే ప్రయత్నం చేయకుండా నేరుగా ఆస్పత్రికి తీసుకువెళ్లాలి.

రీల్ ఉన్న రాడ్ అయితే, నీటి మీద మొదట నేర్పవలసినది రోల్ కాస్ట్. పచ్చిక లైనును పట్టి ఉంచదు కాబట్టి దీన్ని ఇంటి దగ్గర నేర్పడం కష్టం, నీరు ఆ పట్టును ఇస్తుంది. లైను నీటి మీద ఉండగానే రాడ్‌ను నెమ్మదిగా చెవి పక్కకు ఎత్తి, లైను రాడ్ వెనక కొద్దిగా వేలాడేదాకా ఆగి, ముందుకు విదిలించి ఆపితే, లైను నీటి మీదే దొర్లుకుంటూ చాచుకుంటుంది. గాలం తల వెనకకు రాదు కాబట్టి మీకూ, వెనక నడిచేవారికీ ప్రమాదం తక్కువ. మీరు బిడ్డ విసిరే చేతికి అవతలివైపు, ఒక అడుగు వెనకగా నిలబడండి.

ఫోమ్ సాలీడు నీటిలో పడ్డాక వలయాలు సద్దుమణిగేదాకా కదపవద్దనండి, ఆపైన ఒక్కసారి చిన్నగా కదిపి మళ్లీ ఆగమనండి. చప్పుడుతో ఫ్లై మాయం కాగానే రాడ్‌ను గట్టిగా గుంజడం కాదు, కొద్దిగా పైకెత్తడం చాలు. మొదటి కొన్ని చేపలు తప్పిపోతాయి, వాటిని కూడా కలిపి లెక్కపెట్టండి. ముప్పావుగంట గడిచేలోపే బిడ్డ రాళ్లు విసరడం మొదలుపెడితే రాడ్ మడిచి మీరూ రాళ్లు విసరండి. ఇంకొక్క చేప పట్టి వెళదామని బతిమాలి నిలబెట్టిన సాయంత్రం వల్ల నష్టమే తప్ప లాభం లేదు. ఇడ్లీలో, పులిహోరో కట్టుకెళ్లి, చేప పడినా పడకపోయినా గట్టు మీద కూర్చొని తినే అలవాటు మొదటి రోజు నుంచే చేయండి.

చేప చేతికి వచ్చాక

పొడి చేతులతో చేపను తాకితే దాని ఒంటి మీది జిగురు పొర ఊడిపోతుంది. వ్యాధుల నుంచి చేపను కాపాడేది ఆ పొరే. అందువల్ల ముందు బిడ్డ చేతులను నీటిలో ముంచించండి. బ్లూగిల్ వీపు రెక్కలో గట్టి ముళ్లుంటాయి. తడిచేతిని తలవైపు నుంచి తోకవైపు జార్చి ఆ ముళ్లను అణచి పట్టుకుంటే గుచ్చుకోవు. ఫోర్సెప్స్‌తో గాలాన్ని గుచ్చుకున్న దిశకు వెనక్కి తిప్పి తీసే పని మీది. నీటిలో ముంచి పట్టుకుని, అది తనంతట తాను ఈదిపోయేటట్టు వదిలే పని బిడ్డది. ఫొటో కావాలంటే కెమెరా సిద్ధం చేసుకున్నాకే చేపను నీటి నుంచి ఎత్తండి, ఎండకు కాగిన రాతి మీద పెట్టకండి.

‘తినని చేపను పట్టి బాధపెట్టడం ఎందుకు?’ అని ఇంట్లో అమ్మమ్మో, లేకపోతే బిడ్డే అడుగుతారు. శాకాహారుల ఇళ్లలో ఈ ప్రశ్న తప్పకుండా వస్తుంది, దాన్ని నవ్వుతో దాటవేయడం తగదు. గాలం గుచ్చుకుంటుందనీ, చేప బెదురుతుందనీ, జాగ్రత్తగా వదిలినవాటిలో ఎక్కువభాగం బతికినా కొన్ని బతకవనీ నిజమే చెప్పండి. ముల్లు అణచిన గాలం, తడి చేతులు, గాలిలో తక్కువసేపు ఉంచడం, ఎండ ముదిరినప్పుడు మానుకోవడం, ఇవన్నీ ఆ నష్టాన్ని తగ్గించడానికే అని వివరించండి. అంతా విన్నాక బిడ్డ వద్దంటే బలవంతం చేయకండి. పళ్లెం, భూతద్దంతో పురుగులను చూసే పని ఎలాగూ ఉంటుంది. తినే ఇళ్లవారు రాష్ట్ర నియమాలు అనుమతించినన్ని ఉంచుకోవచ్చు, కాకపోతే ఆ చెరువు చేపలు తినవచ్చా అన్నదాని మీద రాష్ట్రం ఇచ్చే ఆరోగ్య సూచనను ముందే చదవాలి, ఉంచుకోదలచిన చేపను గిలగిల్లాడనివ్వకుండా వెంటనే చంపాలి.

చలికాలం, రెండో ఏడాది

చెరువులు చల్లబడ్డాక ఫ్లైలు కట్టడం నేర్పండి. గాలాన్ని కదలకుండా పట్టి ఉంచే, బల్లకు బిగించే చిన్న వైస్, దారపు బాబిన్, కత్తెర, కొంచెం ఉన్ని, కొన్ని ఈకలు చాలు. ఏడేళ్ల పిల్లలు పెద్దల సాయంతో 8వ నంబరు గాలం మీద ఊలీ బగ్గర్ కట్టగలరు: తోకకు మరబూ ఈక, ఒంటికి షెనీల్ ఉన్ని, దాని మీద చుట్టిన కోడి ఈక. వంకరగా ఉన్నదని విప్పి మళ్లీ కట్టకండి, బ్లూగిల్‌కు వంకర పట్టదు.

రెండో ఏడాది, పిల్లలు ఒంటరిగా విసరగలిగి, చెప్పినచోట ఆగగలిగితే, చిన్న వాగుకు తీసుకువెళ్లండి. న్యూజెర్సీలో ఉన్నవారు ముందుగా పీక్వెస్ట్ ట్రౌట్ హ్యాచరీని చూపితే, వాగుల్లో వదిలే ట్రౌట్‌లు ఎక్కడ పెరుగుతాయో పిల్లలకు తెలుస్తుంది. ఆ రాష్ట్రంలో ట్రౌట్‌కు వెళ్లే పెద్దలు లైసెన్సుతో పాటు ట్రౌట్ స్టాంపు కూడా తీసుకోవాలి. ట్రౌట్ చల్లని నీటి చేప, నీరు 68 డిగ్రీల ఫారన్‌హీట్ దాటితే దానికి అందే ప్రాణవాయువు తగ్గుతుంది, పట్టి వదిలినా కోలుకోవడం కష్టమవుతుంది. కాబట్టి సంచిలో ఒక థర్మామీటర్ ఉంచి, వాగు దగ్గరికి చేరగానే బిడ్డ చేతనే వేడిని కొలిపించండి, 68 దాటితే ఆ రోజుకు రాడ్ తీయకుండా మళ్లీ చెరువు దారి పట్టండి.

సెలవులకు ఇండియా వచ్చినప్పుడు ఇదే టెంకారా రాడ్‌ను వెంట తెచ్చుకోవచ్చు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ చెరువులు ట్రౌట్‌కు వెచ్చనివి, అయినా చిన్న పరిగెలు చిన్న నింఫ్‌ను తీసుకుంటాయి, దానికి 16వ నంబరు గాలం కావాలి. ఊరి చెరువుల్లో చాలావాటి మీద చేపల హక్కు మత్స్యకార సహకార సంఘాలది కాబట్టి, గట్టు మీద నిలబడే ముందు సంఘం పెద్దను కలిసి, ఎందుకు వచ్చారో చెప్పి అనుమతి అడగండి.